ఆవిడ పూలకు వెళ్ళిన రోజు

అమ్మ చేటలో బియ్యం పోసుకుని మట్టిగడ్డలు ఏరుతోంది. నేను వరండా గోడకు చేరగిలబడి, ఎమ్మే పరీక్షకు పెట్టిన ఇంగ్లీషు నవల ఒకటి చదువుతున్నాను. చదువుతున్నాననడం కూడా అబద్ధమే. అయిదో పేజీ మూడోసారి తిప్పుతున్నాను.

"ఏం కథే అది, అంత మొహం ముడుచుకుని చదువుతున్నావు?" అంది అమ్మ.

"ఒకావిడ పొద్దున్నే పూలు కొనుక్కోవడానికి బజారుకు వెళ్తుందమ్మా. సాయంత్రం వాళ్ళింట్లో విందు. రావలసినవాళ్ళు వస్తారు, తింటారు, వెళ్తారు."

"తరువాత?"

"తరువాత ఏమీ లేదు. అంతే."

అమ్మ చేట పక్కన పెట్టేసింది. వారపత్రికల్లో సీరియలు ఒక్క వారం కూడా విడవకుండా చదివే మనిషి ఆవిడ. కథానాయిక ఉత్తరం ఎవరి చేతిలో పడిందో తెలియకుండా వారం రోజులు ఎలా గడపాలా అని బెంగపెట్టుకునే మనిషి. "అంత లావు పుస్తకం పూల కోసమా! ఆ రాసినావిడకు పనీపాటా లేదు కాబోలు" అంది.

అప్పుడు నాకూ అలాగే అనిపించింది. ఇరవయ్యొక్క ఏళ్ళ వయసు, అందులోనూ 1970ల నాటి వయసు. లండన్‌లో ధనవంతురాలైన ఒక ఇల్లాలు పూలు కొనుక్కుంటే నాకేమిటి, లోకానికేమిటి అని కోపం కూడా వచ్చింది.

ఆ నవల పేరు 'మిసెస్ డాలొవే'. రాసినావిడ వర్జీనియా వుల్ఫ్. 1925 మే 14న అచ్చయి వచ్చింది. నూరేళ్ళు నిండిపోయాయి. ఈ నూరేళ్ళలో ఇంతకంటె రసవత్తరమైన కథలున్న నవలలు వేలకు వేలు వచ్చాయి, అమ్ముడుపోయాయి, అటకెక్కాయి. ఇది అటకెక్కలేదు. ఎందుకెక్కలేదో నాకు మొదట తెలియజెప్పింది మా ప్రొఫెసరుగారు కాదు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని మా అమ్మ. ఆ వేసవి సెలవుల్లో రోజుకు కొంత చొప్పున ఆ కథ ఆవిడకు చెప్పాను. చెప్పవలసివచ్చింది గనకనే చదవగలిగాను.

కథంతా 1923 జూన్ నెలలో ఒక బుధవారం నాడు జరుగుతుంది. పొద్దున్న మొదలై ఆ అర్ధరాత్రి దాటాక ముగుస్తుంది. క్లారిస్సా డాలొవేకు ఏభై రెండో ఏడు నడుస్తోంది. భర్త రిచర్డ్ పార్లమెంటు సభ్యుడు. పదిహేడేళ్ళ కూతురు. ఇంట్లో వంటవాళ్ళూ పనివాళ్ళూ వున్నారు, కాని సాయంత్రం విందు గనక వాళ్ళకు ఊపిరాడని పని. అందుకని పూలు తానే తెచ్చుకుంటానని బయలుదేరుతుంది. ఆ మధ్యనే ఇన్‌ఫ్లూయెంజా వచ్చి తగ్గిన మనిషి. గుండె కాస్త దెబ్బతిన్నది. గడప దాటి, ఆ చల్లటి పొద్దుటి గాలి మొహానికి తగలగానే ఆవిడ లండన్‌లో లేదు. పద్ధెనిమిదేళ్ళ పిల్లై పల్లెటూళ్ళో, బోర్టన్ అనే పుట్టింట్లో, తోటవైపు తలుపులు తెరుస్తూ నిలబడి వుంది. ఆ మరుక్షణం మళ్ళీ లండన్‌లో రోడ్డు దాటుతోంది.

ఇక్కడే నేను అయిదో పేజీలో తికమకపడి ఆగిపోయింది. ఎక్కడుందో తెలియదు, ఎప్పుడో తెలియదు. అదే అమ్మతో అన్నాను.

"ఇందులో తెలియకపోవడానికేముంది?" అంది అమ్మ. "నేను పప్పుకి తాలింపు పెడుతూ మా పుట్టింటి చెరువుగట్టు మీద వుంటాను. ఆవాలు మాడాయని మీ నాన్నగారు కేకేస్తే తిరిగి వస్తాను."

విమర్శకులు దీనికి 'చైతన్య స్రవంతి' అని పేరు పెట్టారు. ఆ పేరు వింటే గ్రంథాలయంలో దుమ్ము దులిపినట్టుంటుంది. మా అమ్మ తాలింపులో ఆ శాస్త్రమంతా వుంది. మనిషి చేతులు ఒకచోట వుంటాయి, మనసు వేరొకచోట వుంటుంది. అంతవరకు వచ్చిన నవలలు ఎక్కువగా చేతులు ఏం చేశాయో రాశాయి. ఈవిడ మనసు ఎక్కడుందో రాసింది. పాత్రల వెనక గుహలు తవ్వుతున్నానని ఆవిడ తన డైరీలో రాసుకుంది. ఆ గుహలన్నీ లోపల్లోపల కలుస్తాయి, వర్తమానంలో ఏదో ఒక క్షణాన వెలుగులోకి వస్తాయి అని ఆవిడ ఆలోచన. పుస్తకంలో అధ్యాయాలు లేవు. అక్కడక్కడ కొంచెం ఖాళీ జాగా, అంతే. బిగ్ బెన్ గడియారం గంటలు కొడుతూ వుంటుంది. ఆ గంటలే మనకు దారి గుర్తులు. మొదట ఈ పుస్తకానికి 'ది అవర్స్', అంటే 'గంటలు' అని పేరు పెట్టాలనుకున్నదట.

ఒకరి మనసులోంచి ఇంకొకరి మనసులోకి ఎలా వెళ్ళడం? అదీ తమాషాగా చేసింది. బాండ్ స్ట్రీటులో ఒక మోటారుకారు తుపాకి పేలినట్టు ఢామ్మని శబ్దం చేస్తుంది. కొట్లో పూలు ఏరుకుంటున్న క్లారిస్సా ఉలిక్కిపడుతుంది. వీధిలో నిలబడ్డ ఒక యువకుడు కొయ్యబారిపోతాడు. కారులో రాణీగారున్నారా, ప్రధానమంత్రి వున్నారా అని జనం గుసగుసలు. ఆ తరువాత ఆకాశంలో ఒక విమానం పొగతో అక్షరాలు రాస్తుంది, ఏదో మిఠాయి కంపెనీ ప్రకటన. లండన్ అంతా మెడలు వెనక్కి విరిచి చూస్తుంది. ఒకరు చదివినట్టు ఇంకొకరు చదవరు. ఆ యువకుడు మాత్రం, ఆ అక్షరాలు ఎవరో తనకే పంపుతున్న సంకేతాలని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. అతని సంగతి తరువాత చెబుతాను. అమ్మకు కూడా తరువాతే చెప్పాను.

* * *

క్లారిస్సా పెళ్ళి సంగతి చెప్పినప్పుడు మాత్రం మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది.

బోర్టన్‌లో వున్నప్పుడు పీటర్ వాల్ష్ అనే యువకుడు ఆవిడను ప్రేమించాడు. తెలివైనవాడు, కోపిష్ఠి, ఆవిడ ప్రతి మాటనూ తూచి తప్పుపట్టేవాడు. ఆవిడకూ ప్రేమే. కాని పెళ్ళాడింది నెమ్మదస్థుడూ, అంత చురుకులేనివాడూ అయిన రిచర్డ్‌ని. పీటర్ ఇండియాకు ఉద్యోగానికి వచ్చేశాడు. ఇన్నేళ్ళ తరువాత సరిగ్గా ఆ బుధవారం పొద్దున్న, చెప్పాపెట్టకుండా ఆవిడ ఇంటికి వస్తాడు. ఆవిడ సాయంత్రం కట్టుకోబోయే ఆకుపచ్చ గౌను చిరిగితే కూర్చుని కుట్టుకుంటోంది. ఆవిడ చేతిలో సూది, అతని చేతిలో జేబుకత్తి. మాట్లాడుతున్నంతసేపూ ఆ కత్తి తెరుస్తాడు, మూస్తాడు. ఇండియాలో ఒక మేజరు భార్యను ప్రేమించానని చెబుతాడు. చెప్పి, వున్నట్టుండి బావురుమంటాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని ముద్దుపెట్టుకుని ఓదారుస్తుంది. ఇతన్ని చేసుకుని వుంటే ఈ సరదా అంతా నాదయ్యేది గదా అని ఒక్క క్షణం అనుకుంటుంది. అంతలో కూతురు గదిలోకి వస్తుంది. పీటర్ వెళ్ళిపోతాడు.

"ఇతన్నెందుకు చేసుకోలేదు?" అన్నాను నేను, అమ్మను పరీక్షించడానికి.

"చేసుకుంటే ఆ కత్తి రోజూ చూడాలి" అంది అమ్మ.

ఇంతకంటె మంచి జవాబు నేను ఏ విమర్శ గ్రంథంలోనూ చదవలేదు. క్లారిస్సా కూడా దాదాపు ఇదే అనుకుంటుంది. పీటర్‌తో ఏదీ దాచుకోవడానికి వీల్లేదు, అన్నీ పంచుకోవాలి, అన్నిటినీ తవ్వాలి. రిచర్డ్ అలా కాదు, ఆవిడకు కాస్త జాగా వదులుతాడు. భార్యాభర్తల మధ్య కూడా కాస్త ఏకాంతం వుండాలన్నది ఆవిడ నమ్మకం. దానికి ఆవిడ ఇచ్చుకున్న మూల్యమూ తక్కువ కాదు. జబ్బు తరువాత ఆవిడ పడక మేడమీద చిన్నగదిలో ఒంటరి మంచం మీదికి మారింది. రాత్రి నిద్రపట్టక, నెపోలియను సేన మాస్కోనుంచి వెనుదిరిగిన చరిత్ర చదువుకుంటూ వుంటుంది. ఆ మంచం గురించి రాసిన రెండు పేజీలు చదివినప్పుడు, ఇరవయ్యొక్క ఏళ్ళ నాకు ఏమీ తోచలేదు. ఏభై రెండో ఏట మళ్ళీ చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

రిచర్డ్ మనిషి మంచివాడు. ఆ మధ్యాహ్నం ఒక గొప్పింటావిడ భోజనానికి పిలిస్తే వెళతాడు. అక్కడ పీటర్ వచ్చాడని వింటాడు. వినగానే, నా భార్యంటే నాకెంత ఇష్టమో ఇవాళ చెప్పేయాలని నిశ్చయించుకుంటాడు. ఎర్రవీ తెల్లవీ గులాబీలు పెద్ద గుత్తి కొంటాడు. ఆ గుత్తి ఆయుధంలాగ పట్టుకుని పార్కు దాటుతూ, చెబుతాను, చెబుతాను, ఈ మాటలతోనే చెబుతాను అనుకుంటూ ఇంటికొస్తాడు. వచ్చి పూలు చేతికిస్తాడు. మాట నోటిదాకా వస్తుంది, బయటికి రాదు. ఆవిడకు మాత్రం చెప్పకుండానే తెలుస్తుంది. కాసేపు చెయ్యి పట్టుకుని కూర్చుంటాడు. డాక్టరు చెప్పాడు, భోజనం తరువాత ఒక గంట పడుకోవాలి అని ఆవిడకు తలగడ సర్ది, తన కమిటీ మీటింగుకు పోతాడు.

ఇది చెబుతుంటే అమ్మ నవ్వింది. ఎందుకు నవ్వావని అడిగితే చెప్పలేదు. మా నాన్నగారు ఏనాడూ పూలు కొని తెచ్చి చేతికిచ్చినట్టు నేను చూడలేదు. గూట్లో కనబడేట్టు పెట్టి, చెప్పులు విడుస్తూ, "అక్కడేదో వుంది చూడు" అనేవారు.

* * *

ఇప్పుడు ఆ యువకుడి సంగతి.

పేరు సెప్టిమస్ వారెన్ స్మిత్. ముప్ఫై ఏళ్ళు. క్లారిస్సాకు అతనెవరో తెలియదు, అతనికి ఆవిడెవరో తెలియదు. పుస్తకం మొత్తంమీద వాళ్ళిద్దరూ ఒక్కసారి కూడా కలుసుకోరు. ఇల్లు విడిచి లండన్ చేరి, గుమాస్తాగిరీ చేసుకుంటూ, సాయంత్రాలు షేక్‌స్పియర్ చదువుకున్న కుర్రవాడు. 1914లో యుద్ధం రాగానే ముందువరసలో చేరాడు. అక్కడ ఎవన్స్ అనే అధికారి ప్రాణస్నేహితుడయ్యాడు. సంధి జరగడానికి కొంచెం ముందు, ఇటలీలో ఎవన్స్ చచ్చిపోయాడు. సెప్టిమస్‌కు ఏడుపు రాలేదు. ఏమీ అనిపించలేదు, ఎంత నిబ్బరంగా వున్నాను అని తనను తానే మెచ్చుకున్నాడు. ఆ తరువాత భయం పట్టుకుంది, ఇక తనకు ఏదీ ఏమీ అనిపించదేమోనని. ఆ భయంలోనే, మిలాన్‌లో టోపీలు కుట్టే రేజియా అనే పిల్లను పెళ్ళాడాడు. ఇప్పుడతనికి పార్కులో చెట్ల వెనకనుంచి ఎవన్స్ నడిచివస్తూ కనిపిస్తాడు. పిచ్చికలు గ్రీకుభాషలో పాడుతున్నట్టు వినిపిస్తాయి.

ఆ రోజుల్లో దీనికి 'షెల్ షాక్' అని పేరు. ఫిరంగిగుళ్ళ అదురుకు మెదడు చెదిరిందనుకున్నారు మొదట్లో. దెబ్బ తగలని సిపాయిలకూ ఆ అవస్థ వస్తోంటే, పిరికితనమన్నారు కొందరు. బ్రిటిష్ ప్రభుత్వం ఒక విచారణ సంఘం వేసి, 1922లో నివేదిక తెప్పించుకుంది. సరిగ్గా వర్జీనియా వుల్ఫ్ ఈ నవల మొదలుపెట్టిన కాలమది.

సెప్టిమస్‌ను చూడటానికి మొదట డాక్టర్ హోమ్స్ వస్తాడు. "ఏమీ జబ్బు లేదు, నలుగురిలో తిరుగు, ఏదైనా సరదా నేర్చుకో" అనే రకం. తగ్గకపోతే, ఆ మధ్యాహ్నం పన్నెండు గంటలకు సర్ విలియం బ్రాడ్‌షా అనే పేరుమోసిన వైద్యుడి దగ్గరకు తీసుకువెళుతుంది రేజియా. ఆయన రోగికి ముప్పావుగంట ఇస్తాడు. రెండు మూడు నిమిషాల్లోనే సంగతి గ్రహిస్తాడు. ప్రమాదకరమైన స్థితి అనీ గ్రహిస్తాడు. చేసేదేమిటి? ఊరిబయట తన ఆధీనంలో వున్న ఆశ్రమానికి పంపడం. విశ్రాంతి, మంచం, పాలు. పుస్తకాలొద్దు, స్నేహితులొద్దు, భార్య కూడా వద్దు. ఆయన దృష్టిలో మనిషికి వుండవలసింది సమతూకం. అది తప్పినవాళ్ళను కనబడకుండా సర్దేస్తే దేశం సుఖంగా వుంటుంది. ఇక్కడ రచయిత్రి కలం చురుకు చూడాలి. పుస్తకమంతటా ఎవరినీ కోపంతో చూడని మనిషి, ఈయన దగ్గరకు వచ్చేసరికి నిప్పులు చెరుగుతుంది.

కారణముంది. ఆ పాలూ ఆ మంచమూ ఆవిడ స్వయంగా అనుభవించినవి. పదమూడో ఏట, 1895లో తల్లి చచ్చిపోయినప్పుడు మొదటిసారి మనసు చెదిరింది. 1904లో తండ్రి పోయినప్పుడు మళ్ళీ. పక్షులు గ్రీకులో పాడటం ఆవిడ చెవులే విన్నాయి. 1913లో ఆత్మహత్యకు ప్రయత్నించింది. చదవకు, రాయకు, పడుకో అన్నారు వైద్యులు. రాయకుండా బతకలేని మనిషికి అది వైద్యమా, శిక్షా? ఆమె భర్త లెనార్డ్ వుల్ఫ్, సింహళంలో ఏడేళ్ళు కొలువుచేసి వచ్చినాయన, ఇంకొక దారి ఆలోచించాడు. చేతికి పని వుంటే మనసు కుదుటపడుతుందని 1917లో చిన్న చేతి అచ్చుయంత్రం కొన్నాడు. భోజనాల బల్ల మీదనే అక్షరాలు కూర్చారు. 'హోగార్త్ ప్రెస్' అలా పుట్టింది. 'మిసెస్ డాలొవే' అంత పెద్ద పుస్తకం గనక బయటి అచ్చుకూటంలో వేయించారు గాని, ప్రచురణ వాళ్ళదే. అట్టమీది బొమ్మ ఆవిడ అక్క వనెస్సా బెల్ వేసింది. ఏ ప్రచురణకర్తా ఇలా రాయి, అలా రాయకు అని చెప్పడానికి వీల్లేని పుస్తకమన్నమాట. సీరియల్ రచయితలు అసూయపడదగ్గ అదృష్టం.

సెప్టిమస్ చివరి సాయంత్రం ఈ నవల మొత్తానికీ నాకు ప్రాణప్రదమైన భాగం. రేజియా కూర్చుని పొరుగింటావిడ కూతురి కోసం టోపీ కుడుతోంది. అతను సోఫామీద పడుకుని చూస్తున్నాడు. వున్నట్టుండి మామూలుగా మాట్లాడతాడు. ఆ టోపీ ఆవిడకు మరీ చిన్నదయిపోయిందంటాడు. పంది నెత్తిన పెట్టినట్టుందని ఇద్దరూ నవ్వుకుంటారు. అతను లేచి రిబ్బన్లూ పూలూ పూసలూ ఏరి, ఇది ఇక్కడ, అది అక్కడ అని పేరుస్తాడు. అతను పేర్చినట్టే ఆవిడ కుడుతుంది. ఎన్నో వారాల తరువాత అతను మళ్ళీ తన మొగుడిలా వున్నాడని ఆ పిల్లకు ఎంత సంతోషం! ఆ కాసేపట్లోనే మెట్లమీద డాక్టర్ హోమ్స్ అడుగుల చప్పుడు. రేజియా అడ్డంగా నిలబడుతుంది. ఆయన ఆవిడను పక్కకు తోసి వస్తాడు. సెప్టిమస్‌కు చావాలని లేదు. ఎండ బాగుంది, బతుకూ బాగుంది. కాని వాళ్ళ చేతిలో పడలేడు. కిటికీలోంచి దూకేస్తాడు.

కాసేపటికి ఆ వీధులంట ఆంబులెన్సు గంట మోగిస్తూ పోతుంది. ఆ దారినే నడుస్తున్న పీటర్ వాల్ష్ అది విని, నాగరికత సాధించిన ఘనవిజయాల్లో ఇదొకటి గదా అని మురిసిపోతాడు. అందులో ఎవరున్నారో అతనికి తెలియదు. చదివే మనకు తెలుసు.

అమ్మకు ఈ భాగం చెప్పిన రోజు ఇంకేమీ మాట్లాడలేదు. లేచి వెళ్ళి పెరట్లో ఆరేసిన బట్టలు తీసుకొచ్చింది, అవి ఇంకా ఆరకపోయినా.

* * *

మొదట్లో వర్జీనియా వుల్ఫ్ వేసుకున్న పథకంలో సెప్టిమస్ లేడు. విందు చివర క్లారిస్సాయే ప్రాణం తీసుకోవడమో, పోవడమో జరగాలనుకున్నదట. 1928లో అమెరికా ప్రతికి రాసిన ముందుమాటలో ఈ సంగతి ఆవిడే చెప్పింది. తరువాత ఈ యువకుడు వచ్చి, ఆ చావు తన మీద వేసుకున్నాడు. వివేకులు చూసే లోకాన్నీ, మతి చలించినవాళ్ళు చూసే లోకాన్నీ పక్కపక్కన పెట్టాలని డైరీలో రాసుకుంది. పెట్టింది. పూలగుత్తి ఒకవైపు, కిటికీ ఒకవైపు. ఈ రెంటినీ ఒకే కాగితం మీద పెట్టే ధైర్యం లేకపోతే ఇది నిజంగానే పనీపాటా లేని పుస్తకం అయివుండేది.

రాత్రి విందు మొదలవుతుంది. ప్రధానమంత్రి వస్తాడు, జరీ పట్టీల కోటులో లేకపోతే కొట్లో బిస్కట్లు తూచే మనిషిలా వుంటాడు. వంటింట్లో వంటావిడకు ప్రధానమంత్రి ఒకరు ఎక్కువైనా తక్కువైనా ఒకటే. ఆవిడ బెంగంతా చేప సరిగా ఉడకలేదనే. బోర్టన్‌లో క్లారిస్సా గుండె ఝల్లుమనిపించిన అల్లరిపిల్ల శాలీ సీటన్, పిలవకుండానే వస్తుంది. ఇప్పుడు అయిదుగురు కొడుకుల తల్లి. పిలవక తప్పదని పిలిచిన పేద చుట్టం ఎల్లీ హెండర్సన్ పాతగౌనుతో ఒక మూల నిలబడి వుంటుంది. ఆవిడను పలకరించేవాడు రిచర్డ్ ఒక్కడే. "అలాంటివాళ్ళు ప్రతి పెళ్ళిలోనూ వుంటారు" అంది అమ్మ, ఆ చుట్టం పేరు కూడా చెప్పింది. నేనిక్కడ చెప్పను.

బ్రాడ్‌షా దంపతులు ఆలస్యంగా వస్తారు. ఆలస్యానికి కారణం చెబుతూ, ఒక యువకుడు ప్రాణం తీసుకున్నాడని ఆవిడ మెల్లిగా అంటుంది. షెల్ షాక్ వెనకటి బాధలకు రాబోయే బిల్లులో ఏదైనా ఏర్పాటు వుండాలని ఆయన రిచర్డ్‌తో మాట్లాడుతూ వుంటాడు. కిటికీలోంచి దూకిన మనిషి కొన్ని గంటల్లోనే చట్టంలో ఒక క్లాజయిపోయాడు.

క్లారిస్సాకు మొదట కోపం వస్తుంది. నా విందులో చావు మాటెందుకు ఎత్తారు? తరువాత ఎవరూ లేని చిన్నగదిలోకి పోయి ఒంటరిగా నిలబడుతుంది. ముఖం కూడా చూడని ఆ మనిషి పడిన చోటు, ఆ ఇనుపకమ్మీలు, ఆవిడ ఒంటికే తగులుతాయి. నేను రోజూ మాటల్లోనూ అలంకారాల్లోనూ పోగొట్టుకుంటున్నది ఏదో అతను దక్కించుకున్నాడు అనుకుంటుంది. ఆ వైద్యుడు బతుకును భరించలేనిదిగా చేయగల మనిషని, ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తుంది. తెర తీసి చూస్తే ఎదురింట్లో ముసలావిడ ఒక్కతీ పడుకోబోతూ కనిపిస్తుంది. ఇక్కడ ఇంత సందడి, నవ్వులు. అక్కడ ఆవిడ దీపం తీసేస్తుంది. క్లారిస్సా మళ్ళీ అతిథుల్లోకి వస్తుంది.

ఇందులో నాకు మింగుడుపడనిది కూడా చెప్పాలి. అతను చచ్చినందుకు ఆవిడకు సంతోషంలాంటిది కలుగుతుంది. ఇన్నిసార్లు చదివినా ఆ వాక్యం దగ్గర నేను ఆవిడతో పోట్లాడుతూనే వుంటాను. అలాగే ఇండియా. పీటర్ వాల్ష్ మన దేశంలో ఏం చేశాడయ్యా అంటే, కొత్తరకం నాగలి కనిపెట్టాడు, ఇంగ్లండునుంచి తోపుడుబండ్లు తెప్పించాడు, కూలీలు వాటిని ముట్టుకోలేదు. అంతే. కోట్ల మనుషులున్న దేశం ఒక తోపుడుబండి! బర్మాలో పూలమొక్కలు వెతికిన ముసలి మేనత్త ఒకావిడ వుంది. ఆవిడకూ ఆ దేశంలో పూలే కనిపించాయి, మనుషులు కనిపించలేదు. సమాజవ్యవస్థను విమర్శించాలనీ, అది పనిచేస్తుండగా చూపించాలనీ రచయిత్రి డైరీలో రాసుకున్నమాట నిజమే. వీళ్ళను చూసి నవ్వుతోందన్నదీ నిజమే. అయినా ఆ కూలీల్లో ఒక్కడి మనసులోకి ఆవిడ గుహ తవ్వలేదు. ఆ పని మనవాళ్ళు చేసుకోవలసి వచ్చింది. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది', రావిశాస్త్రి 'అల్పజీవి' మన మనసుల్లోకి దారులు తీశాయి. 1969లో వచ్చిన నవీన్ 'అంపశయ్య'లో ఉస్మానియా హాస్టల్ కుర్రవాడు రవి ఒక్కరోజు బతికితే అదే నవలయింది. రచయిత ఇంటిపేరే అంపశయ్య అయిపోయింది.

క్లారిస్సా మాత్రం అవతలి దేశాల్లో ఇంకా తిరుగుతూనే వుంది. 1997లో వనెస్సా రెడ్‌గ్రేవ్ ఆ పాత్ర వేసి సినిమా వచ్చింది. 1998లో మైకేల్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్, వుల్ఫ్ వదిలేసిన 'ది అవర్స్' పేరు తీసుకుని, ఈ పుస్తకం చుట్టూ ముగ్గురు స్త్రీల కథ అల్లాడు; 1999లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ సినిమాలో వుల్ఫ్‌గా నటించిన నికోల్ కిడ్‌మన్ ఆస్కార్ అందుకుంది. 2020లో కరోనా వచ్చి అందరం తలుపులు మూసుకున్నప్పుడు, ఈ నవల మళ్ళీ చాలామంది చేతుల్లోకి వచ్చింది. జబ్బునుంచి లేచి, ఊపిరి పీల్చుకుంటూ వీధిలోకి నడిచి పూలు కొనుక్కోవడమంటే ఏమిటో అప్పుడు అందరికీ తెలిసింది. నేనూ అప్పుడు మళ్ళీ చదివాను. రాసినావిడకు ఆ అదృష్టం చివరిదాకా లేదు. 1941 మార్చి 28న, ఇంటికి దగ్గర్లో వున్న ఊజ్ నదిలోకి కోటుజేబులో రాయి వేసుకుని నడిచిపోయింది. ఏభై తొమ్మిదేళ్ళు.

ఆ వేసవి ఆఖరున, ఎదురింటి ముసలావిడ దీపం తీసేసిందనీ, క్లారిస్సా విందులోకి తిరిగి వచ్చిందనీ చెప్పి, "అయిపోయిందమ్మా" అన్నాను.

అమ్మ కాసేపు ఊరుకుని, "మరి ఆ టోపీలు కుట్టే పిల్ల?" అంది.

"ఏ పిల్ల?"

"అదేనే, దూకినవాడి పెళ్ళాం. ఊరుకాని ఊళ్ళో, పుట్టింటివాళ్ళు లేనిచోట. ఈ దొరసాని ఆ కుర్రవాడి గురించి అంతసేపు ఆలోచించింది గదా, వాడికి పెళ్ళాం వుందా, ఆ పిల్ల ఇప్పుడెక్కడుంది అని అడగనే లేదూ?"

నేను పుస్తకం తీసి వెతికాను. విందులో రేజియా పేరు ఎవరూ ఎత్తరు. వెనక్కి వెళ్ళాను. అతను దూకిన తరువాత డాక్టర్ హోమ్స్ ఏదో తియ్యటి మందు ఆవిడ చేత తాగిస్తాడు. గడియారం ఆరు కొడుతూ వుంటుంది. ఆవిడకు నిద్ర ముంచుకొస్తూ, ఏదో సముద్రపుటొడ్డున తోటలో పరుగెత్తుతున్నట్టుంటుంది. కళ్ళు మూతలు పడుతుండగా, కిటికీకి అడ్డంగా నిలబడ్డ ఆ డాక్టరు భారీ నీడ కనిపిస్తుంది. ఆ తరువాత ఆ పిల్ల పుస్తకంలో మరి కనపడదు.

అదే అమ్మకు చెప్పాను.

"నిద్ర లేస్తుంది గదా" అంది అమ్మ. "లేచాక?"